అవతారము, అధ్యాహారము: పాత్రధారణక్రీడల విచారము

నూతికి మెట్లు కట్టినచో నా దిగుమెట్లదారికి సంస్కృతమున అవతారమని పేరు. అవోపసర్గపూర్వకమైన తౄధాతువునకు ఘఞ్ప్రత్యయమును విధించు పాణినీయసూత్రము తృతీయాధ్యాయ తృతీయపాదమునఁ గలదు. అది కరణాధికరణార్థముల నధికరించి పఠింపఁబడినది. కాఁబట్టి దేనిచేత దిగుదురో, దేనియందు దిగుదురో అది అవతారము. భట్టోజిదీక్షితులు సిద్ధాంతకౌముదియందు నూయి మొదలగువాని దిగుదారినే దీనికి లక్ష్యముగాఁ జూపి, ఆ సూత్రముచేతనే స్తౄధాతువునకు సిద్ధించు అవస్తారశబ్దమునకుఁ దెర యని యర్థము చెప్పిరి. ఇట్లొక్క సూత్రముక్రింద దిగుమెట్లును దెరయుఁ బ్రక్కప్రక్కన నిలిచినవి. మత్స్యకూర్మాదులయందలి యర్థమును సాధించుటకు వైయాకరణులు వేఱు త్రోవ త్రొక్కవలసియున్నది. ఆ చర్చ యిచ్చట విడువఁబడినది.

ఈ శబ్దము 1985వ సంవత్సరమున అమెరికాదేశమున విచిత్రమైన యొక చోటఁ దేలినది. రిచర్డ్ గారియట్ అనునాతఁడు రచించిన అల్టిమా నాల్గవభాగమను కంప్యూటరు క్రీడలో ఆటగాఁడు సద్గుణములఁ బండించుకొని తుదకుఁ బొందవలసిన పదవికి ‘అవతార్’ అని పేరు పెట్టఁబడెను. తరువాతికాలమున తెరమీఁద ఆటగానికి మాఱుగాఁ దిరుగాడు బొమ్మ కెల్ల నదియే పేరై లోకమున వ్యాపించెను. పండితులలోఁ గొందఱు దీనిని విని నవ్వుదురు, కొందఱు నొచ్చుకొందురు. రెండును ననవసరములే. ఆ బొమ్మ దేవుఁడు దిగివచ్చిన రూపము కాదు. ఆటగాఁడు కథలోనికి దిగుటకుఁ గట్టిన మెట్టు. ఆ ప్రయోగము చేసినవారు పాణినిని జదువకపోయినను, కౌముదీకారులు చూపిన లక్ష్యమునకే యది దగ్గఱగా నున్నది. ఇఁక నా మెట్లను ఎంతలోఁతువఱకుఁ గవి కట్టవలెను, ఎచ్చటనుండి యాటగాఁడు తానై దిగవలెను అనునది విచారింపఁదగిన ప్రశ్న.

ఈ క్రీడల స్వరూపమును ఎఱుఁగనివారికిఁ గొంత చెప్పవలెను. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిద్దఱు ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ అను నాటను ప్రకటించిరి. నలుగురు బల్లచుట్టుఁ గూర్చుండి, ఒకఁడు సూత్రధారుఁడై కథ చెప్పుచుండఁగాఁ దక్కినవారు తలకొక పాత్రమును బూని, ‘నేనిది చేయుదు’నని నోటితోఁ జెప్పుచు నాడుదురు. పాత్రమునకు బలము, చురుకు, ఓర్పు, బుద్ధి, వివేకము, ఆకర్షణ అను నాఱు గుణములు పాచికలచే సంఖ్యారూపమున నిర్ణయింపఁబడును. (బుద్ధికిని వివేకమునకును భేద మెట్టిదని తార్కికుఁ డడిగినచో నాటలో సగము రాత్రి గడచును.) ఈ పద్ధతియే పిమ్మటఁ గంప్యూటరునకు దిగి, వీడియో గేములలో నొక జాతియై, పాత్రధారణక్రీడ యనఁబడుచున్నది. సూత్రధారుని స్థానమును యంత్రము గైకొన్నది. బల్లమీఁది సూత్రధారుఁడు ఆటగాఁ డేమి చెప్పినను విని దానికిఁ దగిన కథ నల్లఁగలఁడు. యంత్రమునకు ముందుగా వ్రాసిపెట్టినదే తెలియును. పాత్రమును గవి యెంత నిర్వచింపవలె నను వివాదమునకు మూలమిదియే.

ఈ వివాదమున నొకపక్షమువారు పాత్రము తెల్లకాగితమువలె నుండవలెను, పేరు, కులము, ముఖము, పూర్వకథ యన్నియు నాటగానికి విడువవలెను, అప్పుడే వాని యూహ స్వేచ్ఛగాఁ జరించు నందురు. రెండవపక్షమువారు తెల్లకాగితముమీఁదఁ గథ నిలువదు, కవి చెక్కిన నాయకుఁడే కావలెనందురు. ఇరువురును నిర్వచనమును ఊహకు శత్రువుగాఁ దలఁచుచున్నారు. ఒకరు ఊహకొఱకు నిర్వచనమును వెడలఁగొట్టుదురు; ఒకరు నిర్వచనముకొఱకు ఊహను వెడలఁగొట్టుదురు. తెలుఁగు రంగస్థలము నెఱిఁగినవారికి ఈ విరోధమే యసిద్ధమని తోఁచును.

భామాకలాపమును జూడుఁడు. సిద్ధేంద్రయోగి రచించెనని కూచిపూడివారు చెప్పుకొను నా కలాపమున సత్యభామ రంగమునకు వచ్చునపుడు ముందుగాఁ దెర పట్టుదురు. తెరమీఁదుగా జడ వచ్చి పడును. ఆ జడ సభవారికి సవాలు. తరువాతఁ బ్రవేశదరువున తానెవ్వతెయో, ఎట్టిదో తానే ఉత్తమపురుషమునఁ జెప్పుకొనును. పాత్రనిర్వచన మింతకంటె దృఢముగా నెచ్చటను లేదు. సత్రాజిత్తు కూఁతురు, కృష్ణుని పత్ని, రూపగర్విత. వీనిలో నొక్కదానిని మార్చుటకు నటున కధికారము లేదు. అయినను మాధవి యెదుట భర్తపేరు చెప్పుటకు సిగ్గుపడు ఘట్టమున నేనటుఁ డెట్లు సిగ్గుపడునో, ఎంతసేపు పడునో, ఏమాటకు మాట తప్పించునో ముందుగాఁ జెప్పఁగలవాఁడు లేఁడు. పురుషుఁడై పుట్టి సత్యభామవేషమునఁ బ్రసిద్ధికెక్కిన వేదాంతం సత్యనారాయణశర్మగారి (1935–2012) భామ మఱియొకరి భామ కాదు. నిర్వచన మొక్కటి, భామలు పెక్కండ్రు.

కూచిపూడి దూరమనువారికి మెదకు, నిజామాబాదు ప్రాంతముల చిందుభాగవతము దగ్గఱనే యున్నది. అందు ఆడువారును వేషము కట్టుదురు. ఎల్లమ్మ వేషము గట్టినవారిని ఊరివారు వేషమువఱకే చూడరు, దేవతగాఁ బూజింతురు. ఆర్మూరు చిందుల ఎల్లమ్మ (2005లో గతించినది) ఆ వేషముతోడనే ప్రసిద్ధి చెందినది. పాత్రముపేరును మనిషిపేరును నొక్కటి కాఁగా నెచ్చట నొకటి ముగిసి యెచ్చట రెండవది మొదలగునో విభజింప వీలులేదు. 2024లో భారతప్రభుత్వము చిందుయక్షగాన కళాకారుఁడైన గడ్డం సమ్మయ్యగారికిఁ బద్మశ్రీ నొసఁగినది. ఈ కళను గూర్చి పండితులు వ్రాయవలసినంత వ్రాయలేదను కొఱఁత యట్లే యున్నది.

వేషధారియందును వీడియో గేము నాటగానియందును గల భేదము చిన్నది కాదు. భామవేషము కట్టినవాఁడు ఆడును; సామాజికులు చూతురు. తెరముందు కూర్చున్న యాటగాఁడో తానే యాడి తానే చూచుచున్నాఁడు. రసము అనుకార్యునియందే ముఖ్యమని భట్టలోల్లటుఁడును, నటునియం దనుమేయమని శ్రీశంకుకుఁడును, సాధారణీకరణముచే సామాజికుఁ డనుభవించునది యని భట్టనాయకుఁడును, సామాజికుని వాసనయే యభివ్యక్తమగునని యభినవగుప్తుఁడును వాదించిరి. ఈ నలువురి వాదములకును నటుఁడు వేఱు, చూపరి వేఱు అను నేర్పాటు మూలస్తంభము. నటుఁడును గావ్యార్థమును భావించునపుడు రసికుఁడు కావచ్చునని ధనంజయుఁడు దశరూపకమున నొప్పుకొనెను గాని యది గౌణముగా మాత్రమే. పాత్రధారణక్రీడయందు ఆ గౌణమే ముఖ్యమైనది. ఇట్టి స్థితిని బ్రాచీనులు చూడలేదు; చూచియున్నచో నైదవమత మొకటి పుట్టియుండును.

ఎవఁడు కర్త యను ప్రశ్నకు వ్యాకరణము దారి చూపును. స్వతంత్రుఁడు కర్త, ఆ స్వతంత్రునిఁ బ్రేరేపించువాఁడును కర్తయే, హేతువును నగును. తెలుఁగున నాడుట, ఆడించుట యను భేదమిదియే. తోలుబొమ్మలాటలో బొమ్మ యాడును, బొమ్మలాటగాఁ డాడించును. అట్లే తెరమీఁది వీరుఁడు కత్తి యెత్తును, ఆటగాఁడు మీటనొక్కి యెత్తించును. ఇట్లు చెప్పుట శాస్త్రసమ్మతమే కాని లోకము దీనిని బాటింపదు. వీథియరుగుమీఁద సెల్‌ఫోను పట్టుకొని యాడు బాలుఁడు తన బొమ్మ చచ్చినపుడు ‘వాఁడు చచ్చె’ననఁడు, ‘వానిఁ జంపించితి’ననఁడు, ‘నేను చచ్చితి’నని కేకవేయును. ప్రేరణార్థకము మాయమై యుత్తమపురుషము నిలిచినది. పరిహాసమున మధ్యమోత్తమపురుషములు తాఱుమాఱగుటకుఁ బాణిని ప్రత్యేకముగా విధి చేసెను: ‘నేను తిందునని నీవు తలఁచుచున్నా’వనవలసినచోట, వేళాకోళమున ‘నీవు తిందువని నేను తలఁచుచున్నా’నని పలుకుదురు. ఆటయందు నేను, నీవు అనునవి గట్లు దాఁటునని యాయన యెఱుఁగును.

నారాయణఖేడ్ ప్రాంతమున ఈ యుత్తమపురుషము మఱియొక విశేషమును బయటపెట్టును. ఈ తాలూకా 1956వఱకు బీదరు జిల్లాలోనిది. ఆ సంవత్సరమున రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణముచే మెదకునఁ గలిసెను. 2016నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. అంగడిలోఁ దెలుఁగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ నాలుగును వినవచ్చును. ‘నేను వచ్చితి’నని తెలుఁగున ననినను, ‘నాను బందె’ యని కన్నడమున ననినను, వచ్చినది పురుషుఁడో స్త్రీయో క్రియ చెప్పదు. ఉర్దూలో ‘ఆయా’ యనిన మగవాఁడు, ‘ఆయీ’ యనిన ఆఁడుది. మరాఠీలో ‘ఆలో’, ‘ఆలే’ యనియు నట్లే. ఒకే యాటను నలుగురు బాలు రాడుచు నాడువేషమును గైకొన్నచో, ఉర్దూ మాటలాడువాఁడు తొలివాక్యముతోడనే ఆ పాత్రమును లోఁగొనవలెను, లేదా త్రోసివేయవలెను. తెలుఁగువాఁడు నూఱు వాక్యములవఱకు నే సంగతియుఁ దేల్పక ‘నేను’ చాటున నుండవచ్చును. కవి నిర్వచింపకమునుపే భాష కొంత నిర్వచించుచున్నది. ఈ సూక్ష్మమును ఆంగ్లమునఁ బుట్టిన యా క్రీడాశాస్త్రము గుర్తింపకపోవుట వింత కాదు; ఆ భాషలోఁ గ్రియకు లింగమే లేదు.

ప్రధానప్రశ్న కిఁక నధ్యాహారమే మార్గము. ఒకఁడు ‘తలుపు!’ అనును. వాన జల్లు కొట్టుచున్నచో వినువాఁడు ‘వేయుము’ అని యధ్యాహరించుకొనును. వెలుపల నల్లుఁడు నిలిచియున్నచో ‘తీయుము’ అని. చెప్పినవాఁడు నామమునే చెప్పెను, ఆఖ్యాతమును వినువాఁడు పూరించెను. ఏమియుఁ బలుకనివాని మౌనమునుండి యెవ్వఁడును నేమియు నధ్యాహరింపలేఁడు. ‘తలుపు వేయుము’ అని యంతయుఁ జెప్పినను నధ్యాహారమునకుఁ దావులేదు. ఆటగానియూహ యనునది ఇట్టి యధ్యాహారమే. ఆకాంక్ష నుదయింపఁజేయు పదము ముందుండినఁగాని యూహ కదలదు. నామము సిద్ధమును జెప్పును, ఆఖ్యాతము సాధ్యమును జెప్పునని వైయాకరణులమతము. పాత్రముయొక్క సిద్ధాంశమును, అనఁగాఁ బుట్టుక, పేరు, గతము, స్వభావము మొదలగువానిని, గవి యెంత గట్టిగాఁ జెప్పినను నష్టములేదు, లాభమే. సాధ్యాంశమును, అనఁగా నిపుడేమి చేయును, ఏల చేయును అనుదానిని, విడిచిపెట్టినచోఁ జాలును.

ఈ కొలఁతతోఁ గొన్ని క్రీడలను బరీక్షింపవచ్చును. 2011లో వెలువడిన స్కైరిమ్ అను క్రీడ బండిలో వధ్యస్థానమునకుఁ గొనిపోఁబడు నొక బందీతో నారంభించును. రాజభటుఁడు ‘నీవెవఁడవు?’ అని యడుగును. అంతట నాట నిలిచి, పదిజాతులలో నొకదానిని, ముఖమును, పేరును ఆటగాఁడే యేర్పఱచుకొనవలెను. ఘట్టము చక్కనిది, ప్రవేశదరువునకుఁ దెర పట్టినట్లే యున్నది. కాని తెర తీసినపిమ్మట దరువు లేదు. ఏ నేరమునకుఁ బట్టుపడెనో, ఎవరి బిడ్డయో కవి చెప్పఁడు, తరువాత నడుగువారును లేరు. ఆ వీరుఁడు మాంత్రికుల మఠమున కధిపతి కావచ్చును, దొంగలకు నాయకుఁడు కావచ్చును, రెండును నొక్కవారములోనే కావచ్చును. క్రియలు కొల్లలు, కర్త కానరాఁడు.

ఇచ్చట నొక పూర్వపక్షము గలదు. ‘వర్షించుచున్నది’ యన్నంతనే కర్త యధ్యాహృతమగుచున్నాఁడు కదా, అట్లే క్రియలనుండియే యాటగాఁడు నామమును బూరించుకొనరాదా? అని. వర్షించుట కొక్కఁడే ప్రసిద్ధకర్త గావున నక్కడ నది చెల్లినది. ‘పోవుచున్నాఁడు’ అన్నచో నెవరు పోవుచున్నారో క్రియ చెప్పదు. ఎల్లవారికి నొప్పు క్రియలనుండి యొక్కని యూహించుట సాధ్యము కాదు. అయినను దమ పాత్రములకుఁ బూర్వకథను దామే వ్రాసికొని, ఆ కథకు విరుద్ధమైన లాభమును విడిచిపుచ్చి యాడువారు కొందఱు గలరు. వారు మెచ్చఁదగినవారే. కాని వా రపుడు కవులు. మెట్లు తామే కట్టుకొని దిగినవారు. ఆ కీర్తి నూయి త్రవ్వినవానికి రాదు.

2015లో రెండు క్రీడలు వచ్చినవి. రెండింటను సంతానమును వెదకుటయే కథ. ఫాల్ఔట్ నాల్గవభాగమున నాయకుఁడు, లేక నాయిక, యుద్ధమునకు ముందు గృహస్థు; జతవారు చంపఁబడి పసిబిడ్డ యపహరింపఁబడును. పోలెండు దేశమువారి విచర్ మూఁడవభాగమున గెరాల్టు అను వృద్ధవీరుఁడు పెంపుడుకూఁతురు సిరిని వెదకును. ఆ గెరాల్టు ఆంద్రేయ్ సప్కోవ్‌స్కీ కథలలో ముందే పుట్టినవాఁడు. రెంటను నాయకునకు నటుని కంఠస్వర మున్నది. మొదటిదానిని నిర్వచనము హెచ్చినదని యాటగాండ్రు నిందించిరి. నిర్వచనమే దోషమైనచో గెరాల్టు మఱింత దోషి కావలెను. వానికి ముఖము సైతము కవి యిచ్చినదే. లోకము వానిని మెచ్చినది. కాఁబట్టి దోషము వేఱుచోట నున్నది.

ఫాల్ఔట్‌లో నామమును ఇద్దఱు చెరిసగము పలికిరి. ముఖము, పేరు, స్త్రీపుంభేదము నాటగాఁ డేర్పఱచుకొన్నాఁడు; దాంపత్యమును, శోకమును గవి తెచ్చి దానిపై నంటించినాఁడు. పదములో సగ మొకరు, సగ మొకరు పలికినచో నది పదము కాదు. ఆఖ్యాతమును సైతము లాగికొనిరి. సంభాషణమున నాలుగు చిన్నమాటలు చూపుదురు. అందొకటి ‘వ్యంగ్యము’ అని యుండును. దానిని నొక్కినవానికిఁ దాను పలుకఁబోవు వాక్యమేదో తెలియదు; పాత్రము పలికినపిమ్మట వినవలసినదే. ‘తలుపు’ అన్నది ఆటగాఁడు, ‘వేయుము’ అన్నది యంత్రము. విచర్ నందును సంభాషణపద్ధతి కొంత యిట్లే యున్నను, గెరాల్టు నామము సంపూర్ణముగాఁ గవిది; సిరియెడల వాఁ డెట్లు నడచుకొనవలెనో అది యాటగానిది. కుంగిపోయిన కూఁతురితో మంచుముద్దలు విసరుకొనుచు నాడుటయా, మంత్రగత్తెల సభకు నామె నొంటిగాఁ బంపుటయా, వెంటఁబోవుటయా యను చిన్నపనులే యామె గతిని దుదకు నిర్ణయించును. తండ్రి యను నామము స్థిరము. పెంచుట యను క్రియ యాటగాని చేతిలోనిది. అధ్యాహారమునకు ఇంతకుమించిన యుదాహరణము దొరకదు.

అల్టిమాయందు గారియట్ చేసిన పని విలక్షణమైనది. ఆరంభమున జోస్యముచెప్పు నాఁడుది యొకతె దయ, సత్యము, గౌరవము, వినయము, న్యాయము, త్యాగము, ఆధ్యాత్మికత, శౌర్యము అను నెనిమిది గుణములలో రెండేసి ఢీకొను ధర్మసంకటముల నేడింటిని అడుగును. ఉత్తరములనుబట్టి పాత్రము నిర్ణీతమగును. ఇచ్చట నామమును గవియుఁ జెప్పలేదు, ఆటగాఁడును గోరుకొనలేదు. ఆటగాఁ డేమి చేయునో యడిగి, ఆ క్రియలనుండియే నామము పిండఁబడెను. వెనుకటి పూర్వపక్షమునకు బలమిచ్చు లక్ష్య మిదియొక్కటి యని యొప్పుకొనవలెను. ఆ క్రియ లెల్లవారికి నొప్పునవి కావు. దయకును న్యాయమునకును నడుమ నిలిచినవాఁ డొకదానిని విడిచియే తీరవలెను గదా.

2019లో వెలువడిన డిస్కో ఎలీసియమ్ అను క్రీడ వీనియన్నింటిలో విద్వాంసులు తప్పక విచారింపఁదగినది. నాయకుఁడు పోలీసు అధికారి. త్రాగి త్రాగి పేరుతోఁగూడ సర్వమును మఱచి మేల్కొనును. వాని బుద్ధిలోని 24 శక్తులు వేర్వేఱు గొంతుకలతో వానితో వాదించును. వానికి గతము కలదు, నామము కలదు, చేసిన తప్పులు కలవు. అన్నియుఁ గవి స్థిరముగా నిర్ణయించినవే. కాని వానికిఁ దెలియవు, ఆటగానికిని దెలియవు. దుష్యంతుఁడు మఱచినపుడు ప్రేక్షకులకు సర్వమును దెలిసియుండెను. జాలి యందుండియే పుట్టెను. ఇచ్చట మఱచినవాఁడును జూచువాఁడును నొక్కఁడే. ఉంగరమునకు బదులు అధికారపు బిళ్ల పోయినది. తాను చేయు ప్రతిక్రియతోఁ దాను పూర్వ మెవఁడో యొకింత తేటపడుచుండఁగా, దానిని గైకొనుటయా త్రోసిపుచ్చుటయా యనునది యాటగానికి విడువఁబడినది. సిద్ధమును సాధ్యమును ఇంత నేర్పుతో ముడివేసిన క్రీడ మఱొకటి యిందుఁ బేర్కొన్నవానిలో లేదు.

ఇందుఁ జెప్పఁబడిన వీడియో గేములలో నొక్కటియుఁ దెలుఁగున వెలువడలేదు. వెలువడుననుకొన్నచో ననువాదకునకుఁ దొలిచిక్కు మధ్యమపురుషమునఁ గలుగును. ఆంగ్లమున నొక్క శబ్దముతో నెవరినైనఁ బిలువవచ్చును. పిలువఁబడినవాని వయస్సును, హోదాను, చుట్టఱికమును జెప్పనక్కఱలేదు. తెలుఁగున నెదుటివాఁడు నోరు తెఱచినంతనే నీవు, మీరు, తమరు అనువానిలో నొకటి యేర్పఱుపవలెను. అందును గోస్తావారి ‘నీవు’నకుఁ గల కాఠిన్యము తెలంగాణపు ‘నువ్వు’నకు లేదు, తల్లిదండ్రులను సైతము చనువుతో నట్లు పిలుచు నిండ్లు పెక్కు గలవు. పేరు మఱచి నేలఁబడి లేచిన యా యధికారిని తోడివాఁడు మొదటిసారి పలుకరించునపుడు మూలమునఁ జిక్కులేదు. నారాయణఖేడ్ అంగడిలోని తెలుఁగువాఁ డైనచో ‘సారూ’ అనును. అప్పటికి వాని పేరు వానికే తెలియకపోయినను, ఆ పిలుపుతో వాని కొక నామము సిద్ధించియేయున్నది.